మా ఓడకొచ్చిన నిట్టాడు

పచ్చి వెదురు చీల్చినప్పుడు ఒక వాసన వస్తుంది. కొంత దోసకాయ కోసినట్టుంటుంది, కొంత తడిసిన గోనెసంచిలా ఉంటుంది. మొన్న శనివారం ఫిజీ దీవుల్లోని తవువాలో మా ఇంటి అరుగు మీద నా మనవరాలు సుజాత, దాని తరగతి పిల్లలు మరో నలుగురు కూచుని వెదురు చీలుస్తుంటే ఆ వాసన వంటింటిదాకా వచ్చింది. పొయ్యి మీద పప్పు ఉందన్న సంగతి మరిచిపోయి గడపలో నిలబడిపోయాను. బడికి ఫీజు కట్టలేని పిల్లల కోసం వాళ్ళ తరగతి చందాలు పోగుచెయ్యాలట. అంతకుముందు ఊరి పెద్దల్ని హాల్లో కూచోబెట్టి, ఎందుకు అడుగుతున్నారో, ఇచ్చినదాంతో ఏం చేస్తారో బొమ్మలతో సహా చూపించి చెప్పాలట. దాన్ని ప్రాజెక్టు అంటారు. అట్టముక్కలు, మైదా జిగురు, వెదురు పుల్లలతో ఒక బొమ్మ బడి కడుతున్నారు. సుజాత నిలబడి చెప్పబోయేది గట్టిగా వల్లె వేస్తోంది. "పెద్దలంతా దయతలచి ఈ బీద పిల్లల మీద..." అని మొదలుపెట్టింది.

"ఆ దయ అన్న మాట కొట్టెయ్యి" అన్నాను.

"కాహే నానీ? ఎందుకు? టీచరే రాయించింది" అంది. దానికి ఏ ప్రశ్నకైనా ముందు హిందీయే వస్తుంది, తెలుగు తరవాత వెతుక్కుంటూ వస్తుంది.

"మా నూకాలత్త వినుంటే నీ నెత్తిన మొట్టికాయ పడేది, మీ టీచరు నెత్తిన రెండు పడేవి."

నూకాలత్త ఎవరని పిల్లలందరూ అడిగారు. చెప్పడానికి నోరు తెరిచాను. అరుగు మీదే కూలబడి మొదటినుంచీ చెప్పాను. ఆవిణ్ణి చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పోతే ఆవిడ రెండోసారి పోయినట్టే. అందుకే రాస్తున్నాను. నా చేతిరాత బాగోదు. ఆ తప్పు ఆవిడదే, ఎందుకో తరవాత చెబుతాను.

అవి గిరిమిట్ రోజులు. ఐదేళ్ళు చెరుకు తోటలో పని చేస్తామని మద్రాసు డిపోలో వేలిముద్ర వేసి ఓడెక్కినవాళ్ళ కాలం. లంబాసా దగ్గర వాయిలేవు తోటలో మా కూలి లైన్లు ఉండేవి. లైన్లంటే పొడుగాటి రేకుల షెడ్లు. వాటిని పలకలతో గదులుగా విడగొట్టారు. ఒక గదిలో దగ్గితే మూడో గదిలోవాళ్ళు మంచినీళ్ళు తాగమని చెప్పేవాళ్ళు. నేను ఫిజీ వచ్చేనాటికి నాకు అయిదారేళ్ళు ఉంటాయేమో. అమ్మ ఓడలోనే పోయింది. ఆ ఓడలో వాంతులూ విరేచనాలూ పట్టుకుని చాలామంది పోయారు. మిగిలినవాళ్ళని కొన్నాళ్ళు ఒక చిన్న దీవిలో విడిగా ఉంచి, తరవాత తలో తోటకీ పంచారు. వాయిలేవుకి వచ్చింది నాన్నా, నేనూ మాత్రమే. అక్కడివాళ్ళు మమ్మల్ని 'జబ్బు ఓడ వాళ్ళు' అనేవారు. నాన్న బిందె తాకితే రెండోవాళ్ళు ఆ నీళ్ళు ముట్టేవారు కాదు. నాన్న కూడా పంతంగా ఎవరి బిందెనీ తాకడం మానేశాడు. పండగైనా పెళ్ళైనా మా గది ముందు చెక్క పెట్టె మీద ఒక్కడే కూచునేవాడు. ఆ పెట్టె ఇంకొకరికి చాలినంత పొడుగుండేది, కాని ఆ పక్కన ఎవరూ కూచునేవారు కాదు.

నూకాలత్తది విశాఖపట్నం వైపు పల్లె. చెరుకు కత్తి జారి కుడిచేతి వేళ్ళు రెండు పోయాక, పొలం పనికి పనికిరాదని కంపెనీవాళ్ళు ఆవిణ్ణి లైన్లలో పసిపిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పనిలో పెట్టారు. నల్లగా, బక్కగా, తాడిచెట్టంత ఎత్తుండేది. మాట గరుకు. ముద్దు చేసినా తిట్టినట్టే ఉండేది. ఆవిడకి నా అన్నవాళ్ళు లేరు. తల్లులు పొలానికి పోగానే ఒక చంటిదాన్ని చంకనేసుకుని, ఇంకొకదాన్ని కాలుతో ఊపుతూ, మాలాంటి పెద్ద పిల్లల్ని లైన్ల చివరనున్న ఖాళీ షెడ్డులోకి తోలేది. అక్కడ చదునుగా చేసిన రేకు మీద ఇసుక పోసి అక్షరాలు దిద్దించేది. కుడిచెయ్యి పనికిరాదు గనక ఎడమచేత్తో రాసేది. అది చూసి మేమందరం ఎడమచేత్తోనే నేర్చుకున్నాం. చదువంటే ఎడమచేత్తోనే చెయ్యాలనుకునేవాళ్ళం. నా చేతిరాత కథ అదీ.

ఆవిడకి అక్షరాలు ఎలా వచ్చాయని ఒకసారి అడిగాను.

"మా బాబు వీధిబడికి నీళ్ళు మోసీవోడు. నాను అరుగు కింద కూకుని ఇనీదాన్ని. లోపలికి రానిచ్చీవోరు కాదు. సెవులకి గోడలు కట్టీసినారేటి?" అంది.

అంతకుమించి చెప్పలేదు. జాలి కోసం చెప్పిన మాట కాదది. వాన కురిసింది, తడిశాను అన్నట్టు చెప్పింది.

ఆ షెడ్డుకి ఒకనాడు ముప్పు వచ్చింది. తోట మీద అజమాయిషీ చేసే దొరని మేం కుళంబరు అనేవాళ్ళం. అతను గుర్రం మీద వచ్చి, కోతలు మొదలయ్యేలోగా షెడ్డు ఖాళీ చెయ్యాలి, కంచరగాడిదల మేత పెట్టుకోవాలి అన్నాడు. కాస్త ఎదిగిన పిల్లలు గడ్డి పీకే ముఠాలోకి రావచ్చు, ఊరికే కూచోవడం దేనికి అని కూడా అన్నాడు. నూకాలత్త చంటిదాన్ని దించకుండానే అడ్డంగా నిలబడింది. లైన్ల హిందీలో ఏదో గట్టిగా వాదించింది. చివరికి అతను కాలువ అవతల ముళ్ళపొదలున్న జాగా వైపు కొరడా చూపించాడు. కావాలంటే మీ ఆదివారాల్లో మీరే అక్కడ పాక వేసుకోండి, కంపెనీ నుంచి పుల్ల కూడా రాదు, కోతల నాటికి పాక లేస్తే సరే, లేకపోతే పిల్లలు ముఠాకి అన్నాడు. లేవదని అతని నమ్మకం.

అప్పటికి పిల్లల్లో కాస్త పెద్దదాన్నయ్యాను గనక ఆ ముఠాలో పేరెక్కబోయే మొదటి పిల్లని నేనే. సాయంత్రం నాన్నకి చెబితే తల ఊపాడు.

"ముఠాలోకే రామ్మే. నా కళ్ళ ముందర ఉంటావు. ఈడ ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పొయ్యేదానికి నాకు గుండె లేదు" అన్నాడు. మాది నెల్లూరు వైపు.

"పాక వేస్తారంట నాయనా" అన్నాను.

"ఎవురేస్తారు? ఈళ్ళా? పక్కోడి పొయ్యిలో నిప్పు గూడా అడగరు ఈళ్ళు" అన్నాడు.

ఆయన మాటలో అబద్ధం లేదు. లైన్లలో మద్రాసు ఓడల వాళ్ళు, కలకత్తా ఓడల వాళ్ళు కలిసి ఉండేవారు. తెలుగు, అరవం, మలయాళం, హిందీ మాటలన్నీ వినిపించేవి. అన్నం తినేవాళ్ళు రొట్టె తినేవాళ్ళని చూసి నవ్వేవారు, వాళ్ళు వీళ్ళని చూసి నవ్వేవారు. పొద్దంతా చెరుకు మధ్య ఒళ్ళు హూనం చేసుకుని వచ్చినవాళ్ళకి ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఆదివారాన్ని ఎవరి పిల్లల చదువు కోసమో ఇమ్మని అడగాలి. డబ్బు అడగడం ఇంతకంటే తేలిక. కానీ డబ్బు ఎవరి దగ్గరా లేదు.

నూకాలత్త మొదట పన్నిన పన్నాగం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. వాళ్ళ ఊళ్ళో దసరా వచ్చిందంటే వీధిబడి పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని, వెదురు విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగేవారట. బాణం లాగి వదిలితే పూలూ రంగుపొడీ ఎగిరేవట. ఆ ఇంటివాళ్ళు అయ్యవారికి తోచింది ఇచ్చేవారట. బడి ఏడాదంతా దాంతోనే నడిచేదట. నూకాలత్త చిన్నప్పుడు ఆ ఊరేగింపు వెనక నడిచిందే గాని విల్లు పట్టలేదు. దసరా అక్టోబరులో. మా కోతలు జూన్‌లో.

"దసరా వచ్చీదాకా ఆగితే మన బతుకులు గడ్డిలో కలిసిపోతాయి. దసరానే ముందుకి లాగీద్దాం" అంది.

వెదురు కోసుకొచ్చి విల్లంబులు చేశాం. ఈ వాసన నాకు అప్పుడే అంటుకుంది. పద్యాలు గొంతు చినిగేలా నేర్పింది. ఒక ఆదివారం పొద్దున్నే, పసుపు నీళ్ళలో ముంచిన గుడ్డలు కట్టుకుని, పిల్లలమంతా విళ్ళతో బయలుదేరాం. ఇంటికో ఆదివారం అడగాలని మా లెక్క.

అది శ్రీరామనవమి దగ్గరపడ్డ రోజులని ఆవిడకి తట్టలేదు. హిందీవాళ్ళ లైనులో మమ్మల్ని చూడగానే ఆడవాళ్ళు గబగబా బయటికొచ్చారు. విళ్ళు పట్టుకున్న పిల్లలంటే వాళ్ళకి రామలక్ష్మణులు. మా కాళ్ళు కడిగారు. నుదుట బొట్టు పెట్టారు. ఒక ముసలమ్మ నా కాళ్ళ మీద పడి దణ్ణం పెడితే నేను భయపడి ఏడుపు లంకించుకున్నాను. నోట్లో బెల్లం ముక్క పెట్టి, జై కొట్టి సాగనంపారు. మా పద్యాల్లో ఏముందో ఎవరికి అర్థమవుతుంది? దేవుణ్ణి పంపించేశాక ఇంకా బడి మాట ఎవరు వింటారు? అరవం లైనులో ఇదేదో తెలుగువాళ్ళ మొక్కుబడి అనుకుని తలుపులు దగ్గరగా వేసుకున్నారు. చివరికి కాలువ గట్టు దగ్గర కుళంబరు ఎదురయ్యాడు. మలుపు తిరిగేసరికి అతనికి కనబడింది విళ్ళు ఎక్కుపెట్టిన ఒక దండు. గుర్రం బెదిరి ముందుకాళ్ళు ఎత్తింది. అతను బిగ్గరగా అరిచి, తోటలో తిరుగుబాటు లేచిందని కూలీల మీద మేస్త్రీగా ఉండే సర్దారుని కేకేశాడు. పిల్లల సేనాని నూకాలత్త చంకలో ఉన్న చంటిది అప్పుడే అతనివైపు చూసి బోసినవ్వు నవ్వింది గనక సరిపోయింది. విళ్ళన్నీ విరిపించి కాలువలో పారేయించాడు.

షెడ్డుకి తిరిగొచ్చాం. నూకాలత్త గడప మీద కూచుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం. కాదు, నవ్వుతోంది. ఒళ్ళు కుదిపేసేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"తప్పు నాదేనే. నాను మా ఊరిని అడిగేను. మా ఊరు ఇక్కడ నేదు. ఇక్కడున్నోళ్ళని అడగాల" అంది.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ తరవాత ముప్పయ్యేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినప్పుడు, చందాల కోసం గడపలు ఎక్కినప్పుడు, ఎక్కడైనా ఎదురుదెబ్బ తగిలితే ముందు ఆ మాటే గుర్తొచ్చేది. నేను నా ఊరిని అడుగుతున్నానా, ఎదురుగా ఉన్న మనిషిని అడుగుతున్నానా అని చూసుకునేదాన్ని.

ఇక్కడున్నవాళ్ళని ఎలా అడగాలి? కులం లెక్కన పిలిస్తే కొట్టుకుంటారు. భాష లెక్కన పిలిస్తే ఒకళ్ళకి చెప్పింది ఒకళ్ళకి ఎక్కదు. రెండు రోజులు ఆవిడ పిల్లల్ని ఊపుతూ అదే ఆలోచించింది. మూడో రోజు పొద్దున మా నెత్తిన ఒక్కొక్క దరువు వేస్తూ "మీది ఏ ఓడ? మీది ఏ ఓడ?" అని అడిగింది.

గిరిమిట్ వాళ్ళలో ఒకే ఓడలో వచ్చినవాళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. జహాజీలంటారు. తోడబుట్టినవాడితో మాట్లాడకపోయినా ఓడ అన్నతో మాట్లాడకుండా ఉండేవారు కాదు. ఒక ఓడ పిల్లలకి ఆ ఓడలోనే పెళ్ళిళ్ళు చెయ్యరు, వరస కుదరదని. చచ్చిపోతే పాడె మొయ్యాల్సింది కూడా ఓడవాళ్ళే. డిపోలో పేరు మార్చుకున్నవాళ్ళున్నారు, కులం మార్చుకున్నవాళ్ళున్నారు. ఓడ మార్చుకున్నవాణ్ణి మాత్రం ఎవరూ ఎరగరు. ఓడల అసలు పేర్లు మా నాలుకలకి తిరగవు గనక మేమే పేర్లు పెట్టుకున్నాం. దీపావళి నాడు దిగింది దీపావళి ఓడ. దారంతా గాలివానలో చిక్కుకుంది తుపాను ఓడ. నూకాలత్త తుపాను ఓడ మనిషి. ఆ ఓడవాళ్ళకి కాస్త గర్వం కూడా ఉండేది. మిగిలిన ఓడలవాళ్ళని నీళ్ళకుండలో ప్రయాణం చేసినవాళ్ళంటూ ఏడిపించేవారు.

"ఓడకో స్తంభం. ఎవుళ్ళ స్తంభం ముందు లేస్తాదో సూద్దాం. పంతం ఎక్కించాల గానీ, ఈళ్ళు కొండనైనా మోసుకొచ్చీస్తారు" అంది నూకాలత్త.

అప్పుడు మొదలైంది అసలు పని. ఇప్పటి పిల్లలు ప్రాజెక్టు అంటున్నది అదే. కాలువ మట్టితో పీట మీద బడి నేల చేశాం. వెదురు పుల్లలు స్తంభాలు, ఎండుగడ్డి కప్పు. ఏ పుల్ల ఏ ఓడవాళ్ళదో, ఏ పక్క తడిక ఏ ఓడ ఆడవాళ్ళు అల్లాలో, రెల్లు ఎవరు కొయ్యాలో, తాడు ఎవరు పేనాలో పిల్లలందరికీ పంచి చెప్పించింది. ఆ ఓడ పిల్లలే ఆ ఓడవాళ్ళని అడగాలి, వాళ్ళ భాషలోనే అడగాలి. అందరికీ కలిపి మొదటా చివరా లైన్ల హిందీలో చెప్పే పని నాకు పెట్టింది. నాకు గొంతు పెద్దది. రోజూ షెడ్డు ఒక చివర నన్ను నిలబెట్టి, రెండో చివర తను నిలబడి "ఇనబడ్డం నేదు" అనేది. అరిస్తే "అరవకు, సెప్పు" అనేది. తల వంచితే గెడ్డం కింద వెదురు పుల్ల పెట్టి పైకెత్తేది.

"అడుక్కోటానికి ఎల్తన్నామేటే? ఆళ్ళ పిల్లల బడి ఆళ్ళకి సూపించడానికి ఎల్తన్నాం. దయ, గియ అన్నావంటే నోరు నొక్కీస్తాను."

నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఒకనాడు నేను బొమ్మ బడి చుట్టూ నడిచి పుల్లలన్నీ తాకి చూశాను. అన్ని ఓడలూ ఉన్నాయి. మాది లేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి అడిగాను.

"అత్తా, మా ఓడకి స్తంభం లేదా?"

నూకాలత్త చేతిలోని తాడు కింద పెట్టింది. మరిచిపోయింది. ఒకే ఒక్క మనిషి ఉన్న ఓడ ఆవిడ లెక్కలోకి రాలేదు. ముఖం చూస్తే తెలిసిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఏది కావాల? నువ్వే ఎంచుకో."

నేను ఏదో మూలన చిన్న గుంజ చూపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వెదురుల్లో అన్నిటికంటే లావైనది తీసి, బొమ్మ నడిమధ్య మట్టిలో గుచ్చి, దాని నెత్తిన దూలం ఆనించింది.

"ఇది నిట్టాడు. కప్పు బరువంతా దీనిమీదే. ఇది మీది."

"నాయన ఒక్కడే అత్తా. ఎలా మోస్తాడు?"

"సివర కూకున్నోడికి సిన్న పని సెప్పకే. ఆడు ఇంకా సివరకి పోతాడు" అంది.

నాన్నకి ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆదివారం మధ్యాహ్నం లైన్ల మధ్య ఖాళీలో అందరినీ కూచోబెట్టారు. ఓడవారీగా కూచోమనగానే గొడవ కాస్తా సంబరంగా మారింది. తుపాను ఓడవాళ్ళు అరుస్తున్నారు, దీపావళి ఓడవాళ్ళు ఎదురు అరుస్తున్నారు. అరవం మనిషి పక్కన బీహారు మనిషి కూచోడు గాని, ఎవరి ఓడలో వాళ్ళు భుజాలు రాసుకుని కూచున్నారు. నాన్న అంత దూరాన మా గది ముందు చెక్క పెట్టె మీదే ఉన్నాడు. రాలేదు, లోపలికి పోనూ లేదు.

పిల్లలు ఒక్కొక్కరూ తమ ఓడ దగ్గరికెళ్ళి పుల్ల చూపించి అడిగారు. దీపావళి ఓడవాళ్ళు రెండు స్తంభాలు మావే అన్నారు. తుపాను ఓడవాళ్ళు మూడన్నారు. కలకత్తా ఓడల్లో ఒకదాని పెద్ద, బుధ్‌రామ్ చాచా, లేచి, స్తంభంతోపాటు తనకి నాగరి అక్షరాలు వచ్చని, సాయంత్రాలు హిందీ నేర్పుతానని చెప్పాడు. అంతదాకా బాగానే ఉంది. నడుమ ఒక్క పుల్ల మిగిలింది. నా వంతు వచ్చింది.

నిట్టాడు మీద చెయ్యి పెట్టాను. తల వంచుకున్నాను. నూకాలత్త తన ఓడవాళ్ళ మధ్య నుంచి చూస్తూ గెడ్డం కింద వేలు పెట్టుకుని పైకెత్తింది. నేనూ తలెత్తాను.

"కప్పు బరువంతా మోసే స్తంభం ఇది. ఇది మా ఓడది" అన్నాను.

ఎవరో మూలనుంచి "జబ్బు ఓడ" అన్నారు. కొందరు నవ్వారు. సర్దారు కర్ర నేలకి ఆనించి, "ఏక్ ఆద్మీ ఎత్నా బడా ఖంబా కైసే ఉఠాయీ?" అన్నాడు. ఒక్క మనిషి ఇంత పెద్ద స్తంభం ఎలా ఎత్తుతాడని. మరీ ఎగతాళిగా ఏం అనలేదు. నిజంగానే అడిగాడు. దానికి జవాబు నాకు నేర్పలేదు. అందరూ వెనక్కి తిరిగి నాన్నని చూశారు. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. లేచి లోపలికి పోతే అయిపోయినట్టే. నా బడి, నా అక్షరాలు, ఎడమచెయ్యి, అన్నీ. ఆ క్షణంలో నాకు నాన్న మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. ఇలాంటి ఓడ ఎందుకు ఎక్కావని అడగాలనిపించింది.

అప్పుడు నూకాలత్త లేచింది. చంటిదాన్ని పక్కావిడ ఒళ్ళో పడేసి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, తుపాను ఓడవాళ్ళ మధ్య నుంచి బయటికి నడిచింది. వెనకనించి "ఏయ్ నూకాలూ, ఎక్కడికి?" అని కేకేశారు. తిరిగి చూడలేదు. ఆ ఖాళీ అంతా దాటి మా గది దాకా పోయి, నాన్న పక్కన, ఎవరూ ఎన్నడూ కూచోని ఆ చెక్క పెట్టె మీద కూచుంది.

"ఇద్దరం" అని సర్దారుకి వినబడేలా చెప్పింది.

తుపాను ఓడ పెద్ద ఒకాయన కోపంగా లేచి, ఓడ మారడమేమిటి, ఎక్కడైనా ఉందా అన్నాడు.

"మారకూడదని ఏ దొర రాసీసినాడు? ఇక నుండి నాది ఈ ఓడ. ఈయన మా అన్న" అంది.

నాన్న ఆవిడ వంక చూశాడు. నా వంక చూశాడు. లేచి నిలబడి, అంతమంది ముందు ఆయన మాట్లాడడం నేను విన్న మొదటిసారి అదే, "నిట్టాడు నేను తెస్తా. మా చెల్లెలు పక్కనుంటే తేకేం?" అన్నాడు.

ఆ వారమే నాన్న, నూకాలత్త ఒక కట్ట యంగోనా వేరు తీసుకుని కొండ దిగువ ఫిజీ పల్లె పెద్ద దగ్గరికి నడిచి వెళ్ళారు. ఏదైనా అడగబోయేముందు ఆ వేరు వాళ్ళ ముందు పెట్టడం అక్కడి మర్యాద. ఆయన వేరు పుచ్చుకుని, వాళ్ళతో కలిసి దాన్ని దంచి తాగి, వాళ్ళ అడవిలోంచి 'వేసి' అనే చెట్టు మాను ఒకటి కొట్టుకోమన్నాడు. చెద పట్టని కర్ర. దాన్ని కొండ మీద నుంచి దొర్లించుకుంటూ, తాళ్ళతో ఈడ్చుకుంటూ ఇద్దరూ రెండు ఆదివారాలు పడ్డ పాట్లు నేను చూశాను. మూడో ఆదివారం కాలువ దగ్గర మాను బురదలో దిగబడిపోయింది. అప్పుడు తుపాను ఓడవాళ్ళలో కోపంగా లేచిన ఆయనే వచ్చి, మాట్లాడకుండా తాడు రెండో కొస అందుకున్నాడు. అతని వెనక ఇంకొందరు వచ్చారు. సాయంత్రానికి నాన్న వాళ్ళ బిందెలో నీళ్ళు తాగాడు.

కోతలు మొదలయ్యేనాటికి పాక లేచింది. కుళంబరు గుర్రం మీద వచ్చి, చుట్టూ తిరిగి, నిట్టాడు మీద కొరడా పిడితో కొట్టి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నేను ముఠాలోకి పోలేదు. ఆ పాకలో తెలుగు, హిందీ, ఆ తరవాత ఎప్పుడో ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాను. గిరిమిట్లు ముగిశాయి, లైన్లు ఖాళీ అయ్యాయి. మేం టాబియా అనే ఊళ్ళో కాస్త నేల కౌలుకి తీసుకున్నాం. నూకాలత్త మా ఇంటికే వచ్చేసింది. అంతకుముందు మర్యాదకి అత్తా అని పిలిచేదాన్ని. ఓడ మారాక ఆవిడ నాకు నిజంగానే మేనత్త. నా పెళ్ళిలో మేనత్త లాంఛనాలన్నీ పట్టుబట్టి చేయించుకుంది, పెళ్ళికొడుకు రాత బాగోలేదని వియ్యంకుల ముందే అంది.

ఆవిడ పోయినరోజు ఇంటి ముందు చాలామంది చేరారు. తుపాను ఓడలో మిగిలిన ముసలివాళ్ళు ఇద్దరు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పాడె ఎత్తేముందు ఒకాయన వాడుక ప్రకారం "ఓడవాళ్ళు ముందుకు రండి" అన్నాడు. తుపాను ఓడవాళ్ళు కదలలేదు. నాన్న కర్ర పక్కన పడేసి ముందు కుడివైపు నిలబడ్డాడు. మా ఓడలో ఇంకెవరున్నారు? ఆడవాళ్ళు పాడె మొయ్యరు. నేను వెళ్ళి ఎడమవైపు నిలబడ్డాను. పురోహితుడు ఏదో అనబోయాడు. "నాది ఆ ఓడే" అన్నాను, తలెత్తి. అతను తప్పుకున్నాడు. వెనక రెండు కొమ్ములూ తుపాను ఓడ ముసలివాళ్ళు పట్టుకున్నారు. తాడిచెట్టంత మనిషి, చెట్టు బెరడంత బరువు కూడా లేదు. దారి పొడుగునా ఏడుస్తూనే మోశాను.

ఇదంతా సుజాతకీ దాని స్నేహితులకీ చెప్పేసరికి పప్పు మాడిపోయింది. వాళ్ళు దయ అన్న మాట కొట్టేశారు. బొమ్మ బడి కప్పు నడుమ కుంగుతుంటే సుజాత లావుపాటి పుల్ల ఒకటి వెతికి నిలబెట్టింది. నేను అడిగాను, "మీ సభకి వచ్చేవాళ్ళలో వెనక వరసలో ఒక్కరే కూచునేది ఎవరే?"

అది కాసేపు ఆలోచించింది. బంగారు గని వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడి తల్లి అంది. భర్త గనిలో పోయాడట. ఆవిడతో ఎవరూ అంతగా మాట్లాడరట.

"ఆవిడకి ఏం పని చెప్పారు?"

"ఏం చెప్పలేదు నానీ. బేచారీ, పాపం. ఆమెను ఎలా అడుగుతాం?"

నేను లావుపాటి పుల్ల వంక చూశాను. సుజాత కూడా చూసింది. దానికి వాళ్ళమ్మ బుర్ర రాలేదు, నాన్న బుర్ర కూడా రాలేదు, అదృష్టం. చెప్పులు వేసుకుని పిల్లలందరూ ఆవిడ ఇంటికి బయలుదేరారు.

సభ వచ్చే ఆదివారం. ముందు వరసలో రిటైరయిన టీచర్లకి కుర్చీలు వేస్తారట, నాకూ ఒకటి ఉంచారట. దాన్ని ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పాను. ఆ హాల్లో నేనెక్కడ కూచోవాలో నాకు తెలుసు.